ఊ కొట్టే మనిషి

జహ్రాలో మా గది మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు పక్కన.
రంజాన్ నెల. గిన్నెలు తోమి, నేల తుడిచి
పైకెక్కేసరికి ఒంటిగంట దాటేది.
ఏసీకి అరుపెక్కువ, చల్లదనం తక్కువ.
లెటేబ్రహాన్ పగిలిన మడమలకు వాజిలిన్ రాసుకుంటా
మొదలుపెట్టేది:
"ఒకామె ఉంది."

మా ఇద్దరికీ ఉన్నది వంటింటి అరబ్బీ.
దాంట్లో నిన్నకూ రేపటికీ తేడా లేదు.
ఉల్లిగడ్డకు మాటుంది, బిరీనకు మాటుంది,
తప్పయిపోయింది మామా, దానికీ ఉంది.
యుద్ధానికి మాకు తెలిసిన మాట లేదు.
ఆయమ్మ రెండు పిడికిళ్ళూ ఒకదానికొకటి గుద్ది
"అన్నా, తమ్ముడూ" అనింది.
ఇంక చెప్పాల్సిన పని లేకపోయింది.
మాది జమ్మలమడుగు పక్క.

ఊ కొట్టడం నేనే నేర్పినా.
ఊ లేకపోతే కథ గుంతలో పడతాదని మా జేజి అనేది.

ఒకామె ఉంది. ఆమెకు కోళ్ళున్నాయి.
ఊ.
తుపాకులోళ్ళు వచ్చినారు. కోళ్ళడిగినారు. ఇచ్చింది.
ఊ.
ఇంకో తుపాకులోళ్ళు వచ్చినారు.
వాళ్ళకెందుకిచ్చినావు అన్నారు.
ఊ.
వాజిలిన్ డబ్బా మూత బిగించి
గోడ దిక్కు తిరిగి పండుకునేది.

మరుసటి రాత్రికి కోళ్ళు మేకలయ్యేవి.
ఆమె ఒకనాడు పొడుగు, ఒకనాడు పొట్టి,
ఒకనాడు అయివారి పెండ్లాం, ఒకనాడు మొగుడే లేనిది.
ఏరు దాటిందంటాది. దాటలేదంటాది.
బిడ్డలు ముగ్గురంటాది. మళ్ళా ఇద్దరంటాది.
మళ్ళా ముగ్గురే, కానీ ఆ లెక్కకాడ లేచిపోయి
కొళాయి కింద నోరు పెట్టి నీళ్ళు తాగొచ్చేది.
అన్నీ మారినాయి గానీ
గడప మీద వదిలేసొచ్చిన ప్లాస్టిక్ జగ్గు మాత్రం
ఏ రాత్రయినా నీలమే.
నేనడగలా.
అబద్ధానికి అంత కష్టపడే మనిషిని
నిజం చెప్పమని ఎట్లడుగుతావు?

పదహారో రోజానాడు మామా జమియా నుంచి సామాన్లు తెచ్చింది.
ఖర్జూరాలు, విమ్టో సీసాలు, ఒక కొత్త జగ్గు.
నీలంది.
లెటేబ్రహాన్ దాన్ని ముట్టలా.
బాబా గ్లాసులోకి గరిటెతో నీళ్ళు పోసింది.
పిల్లోళ్ళు పగలబడి నవ్వినారు.
ఆ రాత్రి జగ్గును సింకు కింద, క్లోరాక్స్ డబ్బాల ఎనక దోసి
పగిలిపోయిందని చెప్పినా.
జీతంలో ముప్పావు దీనారు పట్టుకునింది మామా.
పోతే పోయింది.

"ఇంక నీది" అనింది ఆయమ్మ.
పదకొండేండ్లు. పోలీసులకు చెప్పింది ఒకటి,
వకీలు చెప్పమన్నది ఒకటి.
"ఒకామె ఉంది" అన్నా.
వేటకొడవలిని కట్టె చేసినా.
మొగుణ్ణి అన్నను చేసినా. సందెను మిట్టమధ్యాన్నం చేసినా.
ఒకే కంచంలో తిని పెరిగిన చిన్నాయన కొడుకును
ఎవరో దారినపోయేటోణ్ణి చేసినా.
శనక్కాయల గోతాన్ని మాత్రం ఏమీ చేయలేకపోయినా.
అది ఎట్లా నానిందో అట్లనే
నోట్లోకి వచ్చేసింది.

ఊ, అనింది.
మళ్ళా ఊ అనింది,
నేనింకా నోరు తెరవకముందే.

కథ కంచికి, మనం ఇంటికి,
మాకాడ అట్లా ముగిస్తారని చెప్పబోయినా.
కంచి అంటే దూరంగా ఒక ఊరు, అది చెప్పొచ్చు.
ఇంటికి అన్న మాటకాడ ఆగిపోయినా.
పాసుపోర్టులు కింద, బాబా బీరువాలో.

సహూర్‌కు మామా గంట కొట్టింది. పెరుగు గిలక్కొట్టాల.
మెట్లకాడ చీకట్లో ఆయమ్మ నా మణికట్టు పట్టుకునింది.
"ముగ్గురు" అనింది.
ఉన్నారనో, ఉండిరనో
మా అరబ్బీలో తెలీదు.
ఊ, అన్నా.
మామా మళ్ళా గంట కొట్టింది.